గోడ మీద రెండు చెట్లు

ఓబులేసుకు ఏడేళ్ళుగా ఇంటి మీద బెంగ. వెళ్ళాలంటే మొహం చెల్లదు. ఊళ్ళో ఆకుపసర్లతో వైద్యం చేసే కన్నతల్లిని పట్టుకుని “నీదీ ఒక చదువేనా” అనేసి, చెన్నమల్లయ్య అనే పెద్ద వైద్యుడి దగ్గర శిష్యుడిగా చేరినవాడు మరి.

చివరికి ఒక ఉపాయం ఆలోచించాడు. ఆశ్రమం గోడకు ఎడమవైపు గురువుగారి విద్యను సుద్దతో చెట్టులా గీశాడు. వాతానికో కొమ్మ, పిత్తానికో కొమ్మ, కఫానికో కొమ్మ, మళ్ళీ వాటికి రెమ్మలు. కుడివైపు అమ్మ చెట్టు గీశాడు. ఆమె కొమ్మలు వేరు: బాలింతలకు, పాడి గొడ్లకు, కరువు రోజుల్లో కడుపుకు, ఇంటికొచ్చినవాళ్ళకు. రెండు చెట్ల కొసలకూ అవే ఎండుటాకులు అంటించి, ఏ ఆకు నుంచి ఆ ఆకుకు దారం కట్టాడు. దారాలు చిక్కుపడకుండా తిన్నగా సాగితే అమ్మ చదువు శాస్త్రానికి సరిపోయినట్టే. ఆ మాట చెప్పే వంకతోనైనా ఇంటికి పోవచ్చు.

మహానుభావుడు మూడు వానాకాలాల పాటు కొమ్మల్ని పైకీ కిందికీ మార్చి గీశాడు. అన్నీ దారికొచ్చాయి గానీ ఒక్క దారం మాత్రం మిగతావాటన్నిటికీ అడ్డం పడి పోతోంది. ఇక చేతకాక గురువును పిలిచి, తప్పెక్కడుందో చెప్పమని వేడుకున్నాడు.

చెన్నమల్లయ్య గోడను చాలాసేపు చూశాడు.

“ఆ ఒక్కటి తీసేస్తే?”

“అన్నీ సక్కగా ఉంటాయి సామీ.”

“తీసెయ్ మరి.”

ఓబులేసు దారం పట్టుకున్నాడు. తెంపబోతే చెయ్యి రాలేదు. అది వావిలాకు దారం. ఎడమవైపు వాతపు రెమ్మకుంది. కుడివైపు ఎక్కడో దూరంగా, పిత్తాన్ని తగ్గించే నన్నారి పక్కనుంది.

“మీయమ్మ ఈ రెండిటినీ ఒకచోట ఎందుకు పెట్టింది?” అనడిగాడు గురువు.

“దూరం నుంచి నడిచొచ్చినోళ్ళకు సామీ. తాగేకి నన్నారి. కాళ్ళకు వావిలాకు నీళ్ళు.”

ఆ మాటతో వాడికి ఏడుపు ఆగలేదు. అమ్మను చూడాలని ఉందని, ఏడేళ్ళలో మొదటిసారి పైకే అనేశాడు.

గురువు లోపలికెళ్ళి నాలుగు జొన్నరొట్టెలు మూటగట్టి తెచ్చి, వాడి చేతిలో పెట్టాడు. ఓబులేసు కళ్ళు తుడుచుకుని, రేపు సంతబండ్లు తమ ఊరివైపే పోతాయని, ఏదో ఒకటి ఎక్కి పోతానని చెప్పాడు.

“బండెక్కొద్దురా,” అన్నాడు గురువు. “నడిచిపో.”