మోటారు ఎవరు ఆపాలి?

కోదండపాణి మాస్టారితో ఉన్న చిక్కేమిటంటే, ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ముప్ఫై ఏళ్లూ అదే వరస. రిటైరయ్యాక కూడా మానలేదు. ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకున్న హైమవతికి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసి కూడా ఆ సాయంత్రం బడి నుంచి తిన్నగా ఆయన ఇంటికే వెళ్లిందంటే, ఎంత విసిగిపోయి ఉంటుందో చూడండి.

"ఇక నావల్ల కాదు మాస్టారూ" అంది, సంచీ అరుగు మీద పడేసి. "ఇంట్లో కరెంటు పొదుపు గురించి ఏడో తరగతికి చెప్పాను. ఫలితం లేదు. క్రియాత్మక పరిశోధన అంటూ మీరు నేర్పినట్టే, ఎక్కడ తప్పిందో చూసుకుని, పద్ధతి మార్చి మళ్లీ చెప్పాను. మొదటిసారి చార్టులు, రెండోసారి నాటకం. పరీక్ష పెడితే అందరికీ ఇరవైకి ఇరవై! ఇళ్ల బయట మీటర్లు చూస్తే వాడకం వీసమెత్తు తగ్గితే ఒట్టు. రేపు నివేదిక ఇవ్వాలి. పిల్లలకు శ్రద్ధ లేదని రాసి పారేస్తాను. పదహారేళ్లుగా గొంతు చించుకుంటున్నాను. నా మాట ఒక్కటైనా ఒక్క ఇంట్లో ఎవరి చెవినైనా పడిందా?"

నివేదిక సంగతి అలా ఉంచండి, తను అసలు టీచరేనా అన్న అనుమానం పట్టుకుంది మనిషికి. మాస్టారు లేచారు. చెప్పులేసుకుని, "మీ పిల్లల్లో ఎవరిల్లు దగ్గర?" అన్నారు.

దగ్గరిది భూలక్ష్మి ఇల్లు. వెళ్లేసరికి డాబా మీద ట్యాంకు పొంగి, నీళ్లు గోడ వెంట ధారకట్టి వీధిలోకి పోతున్నాయి. మోటారు హోరుమంటోంది. మొన్న నాటకంలో "ఆపండి, ఆపండి!" అని బడి ఎగిరిపోయేలా అరిచిన భూలక్ష్మే, స్విచ్చి బోర్డుకు మూరెడు దూరంలో చేతులు కట్టుకుని చోద్యం చూస్తోంది. హైమవతికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కళ్లు కనబడట్లేదటే? ఆపవేం?"

పిల్ల బిక్కచచ్చిపోయింది. లోపల్నుంచి నాయనమ్మ పరుగున వచ్చి దాని రెక్క పట్టుకు వెనక్కి లాగింది. "ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా! మావాడు మోటారేసి బజారుకెళ్లాడమ్మా, వాడే వచ్చి ఆపుతాడు. అందాకా నేనూ దాని జోలికి పోను."

"నీళ్లన్నీ పోతున్నాయి కదండీ! కరెంటు దండగ!"

"పోతే పోనీ. ప్రాణం కంటేనా? పిల్లలు స్విచ్చులు ముట్టుకోకూడదని బళ్లో టీచరమ్మ చెప్పిందట. షాకు కొడితే ఏమవుతుందో ఇది వారం రోజులు నా పక్కలో కూచుని పూసగుచ్చినట్టు చెప్పింది. ఆనాటి నుంచీ మా ఇంట్లో పిల్లలెవరూ బోర్డు ముట్టరు. ఆ టీచరమ్మ చల్లగా ఉండాలి తల్లీ!"

జూన్‌లో ఆ పాఠం చెప్పింది హైమవతే. చార్టూ లేదు, నాటకమూ లేదు. గంట కొట్టే వేళకు, "ఇంటికెళ్లి మీ పెద్దవాళ్లకి చెప్పండర్రా" అని పంపించేసింది, అంతే. పొదుపు పాఠానికి ఆ ఒక్క మాటా అనలేదు. విసురుగా వెళ్లి మోటారు తనే ఆపింది. ముసలామె "అయ్యో అయ్యో" అంటూ కళ్లు మూసుకుంది.

వీధిలోకి వచ్చాక హైమవతి ఇక ఆగలేకపోయింది. "చూశారా మాస్టారూ, నేను చెప్పిందే నాకు అడ్డం తిరిగింది! ఇప్పుడేం రాయను నివేదికలో, నా తలకాయా?"

మాస్టారు నీటి మడుగు తప్పించుకుని నడుస్తూ అన్నారు: "ఆ ముసలమ్మకి పరీక్ష పెట్టలేదు కదమ్మా నువ్వు. అయినా ఆవిడకి పాఠం ఎలా వచ్చిందో, ముందు అది రాయి."