సున్నపుపాడు చావడి శాసనం

గట్టుమల్ల సంస్థానం రాజుగారికి ఒకరోజు పొద్దున్నే పాత కట్టడాలు కావాలనిపించింది. కొత్తవైతే కట్టించుకోవచ్చు, ఆయనకి పాతవే కావాలి. అదీ పది రోజుల్లో.

కారణం పొరుగు సంస్థానం రాజు రాసిన ఉత్తరం. "మా దగ్గర వెయ్యేళ్ల మండపం ఉంది. మీ దగ్గర ఏముందో చూడ్డానికి పౌర్ణమికి వస్తున్నాను."

సంస్థానమంతా గాలిస్తే సున్నపుపాడు అనే చిన్న పల్లె నడిబొడ్డున మూడు దొరికాయి. సగం కూలిన బురుజు, కప్పు లేని ధాన్యపు కొట్టు, రాతిస్తంభాల చావడి. అప్పటిదాకా వాటిని చరిత్ర అని ఎవరూ అనలేదు పాపం. బురుజుకి పిడకలు కొట్టేవాళ్లు. కొట్లో మేకల్ని కట్టేసేవాళ్లు. చావడిలో చాకలి సన్యాసమ్మ కాపురం ఉండేది. కోట బట్టలూ ఊరి బట్టలూ ఆవిడే ఉతుకుతుంది. ఆవిడకి వేరే ఇల్లు లేదు.

చావడిలో ఒక స్తంభం నిండా గీతలూ చుక్కలూ చెక్కి ఉన్నాయి. వాటిని చదవడానికి రాజుగారు ఆస్థాన పండితుడు శితికంఠావధానిని పంపారు. ఆయన బిరుదు 'సర్వలిపి సార్వభౌమ'. ఇచ్చింది ఆయనే, పుచ్చుకున్నదీ ఆయనే.

అవధానిగారు స్తంభం ముందు నిలబడి, కళ్లు మూసుకుని మరీ చదివేసి, కోటకెళ్లి రాజుగారికి విన్నవించారు.

"ప్రభూ, వెయ్యేళ్ల కిందటి శాసనం! త్రిభువనమల్ల చక్రవర్తి ఈ చావడిని మా వంశానికి దానం చేశాడు. ఇక్కడ ఇంకెవరూ ఉండకూడదని కూడా రాయించాడు."

అంత ముందుచూపున్న చక్రవర్తి మాట కాదనేదెవరు? రెండ్రోజుల్లో ఖాళీ చెయ్యమని సన్యాసమ్మకి హుకుం వెళ్లింది.

ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్క బంగారయ్య అడిగాడు. రాజుగారికి తమలపాకుల చిలకలు చుట్టి ఇచ్చేది అతనే.

"అప్పా, ఆ స్తంభం మీదవి ఏంటో నీకేమైనా తెలుసా?"

మూట కట్టుకుంటున్న సన్యాసమ్మ తలెత్తింది. "తెలకేటి బాబూ? నన్నెవలడిగినారు?"

ఆవిడ చెప్పింది విని బంగారయ్య చాలాసేపు నవ్వాడు. తర్వాత ఆవిడ మూటలోంచి ఒక గుడ్డ అడిగి తీసుకెళ్లాడు.

మర్నాడు రాజుగారు పరివారంతో చావడికి వచ్చారు. బంగారయ్య వెండి పళ్లెం పట్టుకొచ్చి, పైన కప్పిన పట్టుగుడ్డ తీశాడు. లోపల మడత పెట్టిన పాత బట్ట. పైకి ఒక్క మూలే కనిపిస్తోంది. దాని మీద నల్లగా రెండు చుక్కలు, మూడు గీతలు, ఒక కొక్కెం.

"ప్రభూ, ఇది ఈ చావడిలోనే దొరికింది. మనలాంటివాళ్లకి అర్థమవుతుందా? అవధానిగారే చెప్పాలి."

అవధానిగారు ఊగిపోయారు. "ఇదే గుర్తు స్తంభం మీదా ఉంది, ఇదిగో చూడండి! రెండు చుక్కలు సూర్యచంద్రులు. మూడు గీతలు మూడు లోకాలు. కొక్కెం ఏనుగు అంకుశం. ఇది సాక్షాత్తూ చక్రవర్తి కట్టుకున్న వస్త్రం!"

"అంతేనంటారా? నాకెందుకో ఈమధ్యదే అనిపించింది."

"తాంబూలం చుట్టుకునేవాడికి వస్త్రపరీక్ష ఏం తెలుస్తుందయ్యా? వాసన చూడు. వెయ్యేళ్లయినా కస్తూరి పోలేదు."

ఆయన బట్టని కళ్లకద్దుకున్నారు. రాజుగారికీ అందించారు. రాజుగారూ భక్తిగా అద్దుకుని, గట్టిగా తుమ్మి, తిరిగి అవధానిగారి చేతిలో పెట్టారు.

బంగారయ్య పక్కకి తిరిగాడు. "అప్పా, నువ్వు కూడా ఓసారి చదువు."

"సదవడానికేటుంది బాబూ? మా ఇంట్లో పిల్లలందరూ ఈ స్తంబం కాడే సాకలి గుర్తులు నేర్సుకున్నారు. ఏ బట్ట ఎవలిదో తెలాలి గదా. రెండు సుక్కలంటే అగ్రారం ఈది. మూడు గీతలంటే మూడో ఇల్లు."

"మరి ఆ కొక్కెం?"

"కొక్కెమంటే ముక్కుపొడి మరకలుంటాయని. రెండుపాలి ఉడకెయ్యాల. అవదాని బాబుగోరి తాతగోరి నుంచీ ఆ ఇంటికి అదే గుర్తు. ఇది బాబుగోరు మొన్న ఏసిన పంచె. ఇంకా ఉతకనేదు."

రాజుగారు తన ముక్కు ఒకసారి తడుముకున్నారు.

"అవధానిగారూ, మీరిప్పుడు కట్టుకున్న పంచె అంచు ఇలా చూపించండి."

ఆయన చూపించలేదు. దివాను వంగి తనే చూశాడు. రెండు చుక్కలు, మూడు గీతలు, ఒక కొక్కెం.

బంగారయ్య చేతులు కట్టుకున్నాడు.

"ఎంతైనా వంశం వంశమే ప్రభూ. చక్రవర్తిగారి కొలతలే వచ్చాయి."

ముందు రాజుగారే నవ్వారు. ఆయన నవ్వాక మిగతావాళ్లకి ధైర్యం వచ్చింది. బురుజు దగ్గర పిడకలు కొడుతున్న ఆడవాళ్లు కూడా చేతులు తుడుచుకుని వచ్చి నవ్వి వెళ్లారు.

నవ్వు తగ్గాక రాజుగారికి దిగులు పట్టుకుంది. "అయితే పౌర్ణమికి నేనేం చూపించనురా?"

"ఈ స్తంభాన్నే ప్రభూ. పైన సున్నాలో సున్నా ఉందే, అది మీ ముత్తాతగారి గుర్తట. వాళ్ల మండపం మీద ఏముందో వాళ్ల పండితులకే తెలీదు. మన స్తంభాన్ని చదివే మనిషి మాత్రం ఇక్కడే ఉంది. రేపటిదాకానే అనుకోండి."

రాజుగారికి మాట అందింది. చావడిని అక్కడికక్కడే సన్యాసమ్మ పేర రాయించారు. చేతి కంకణం తీసి బంగారయ్యకి తొడిగారు. పౌర్ణమిలోగా గుర్తులన్నీ ఆవిడ దగ్గర నేర్చుకుని అప్పజెప్పమని అవధానిగారిని ఆజ్ఞాపించారు.

సార్వభౌముడు పంచె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సన్యాసమ్మ చెయ్యి చాపింది.

"సదువు రేప్పొద్దున సూద్దారి బాబూ. ముందా పంచె ఇలాగిచ్చీండి, రేవుకెళ్లాల."