రెండు తాళాల డబ్బా

సువర్చలకి ఆ శనివారం పొద్దున్న వచ్చిన కాగితంలో నాలుగే వాక్యాలు. అది చదివాక, విజయవాడ ఎండనీ, రెండు పెళ్లి ఊరేగింపుల్నీ, ఒక గేదెల మందనీ చీల్చుకుంటూ సత్యనారాయణపురంలో పేరిందేవి గారి గుమ్మం ముందు ఎలా వచ్చి పడిందో ఆమె స్కూటీకే తెలియాలి.

"గురువుగారూ, నన్ను సెలవులోకి తోసేశారు."

పేరిందేవి గారు చేటలో మినపప్పు ఏరుకుంటున్నారు. "అయితే మంచిదే. కూర్చో. రాళ్లున్నాయి పప్పులో."

ఈ పేరిందేవి గారు ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో కంప్యూటర్ల పని చూశారు. ఆవిడ మెషీను రూములో అడుగుపెడితే ఫ్యాన్లు తిరగడం మాని నమస్కారం పెట్టేవనీ, తప్పుల తడకగా ఉన్న ప్రోగ్రాము ఆవిడ చెప్పుల చప్పుడు వినగానే తనంతట తనే దిద్దుకునేదనీ పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పాస్‌బుక్కులు ప్రింటు కొట్టే టెంపరరీ పిల్లని ఒకరోజు చెయ్యి పట్టుకుని ఆ రూములోకి తీసుకెళ్లింది ఆవిడే. ఆ పిల్లే సువర్చల. ఆవిణ్ణి బ్యాంకంతా మేడమ్ అంటే, ఈమె ఒక్కతే గురువుగారూ అనేది.

"మీకు అర్థం కావట్లేదు. ఇవాళే పాత మెషీన్ల నుంచి కొత్తవాటికి మారేది. పది నుంచి రెండు దాకా సేవలుండవని ఊరందరికీ మెసేజీలు వెళ్లాయి. నేను లేకుండా..."

"పది రోజుల సెలవేగా?"

అవును, పది రోజుల సెలవే. బ్యాంకుల్లో అదొక పాత నియమం. కీలకమైన పనిలో ఉన్న మనిషి ఏడాదికోసారి, చెప్పాపెట్టకుండా వచ్చిన కాగితం పట్టుకుని ఇంటికెళ్లి కూర్చోవాలి. ఆఫీసు గడప తొక్కకూడదు, కంప్యూటరు తాకకూడదు, ఫోనెత్తి సలహా చెప్పకూడదు. ఆ మనిషి గుట్టుగా దాచుకున్నదేమైనా ఉంటే ఆ పది రోజుల్లో బయటికొస్తుందని.

"పదకొండో రోజు బోర్డు ముందు ఇంటర్వ్యూ," అంది సువర్చల. "టెక్నాలజీ మొత్తానికి అధిపతి కుర్చీ. ఆ కుర్చీలో ఇంతవరకూ ఆడమనిషి కూర్చోలేదు. సరిగ్గా ఇవాళ సెలవుకి నా పేరు తీశారంటే ఎవరో కావాలనే చేశారు."

"పేర్లు చీటీలు తీసినట్టు కంప్యూటరే తీస్తుందిగా. ఎవరి చెయ్యీ పడకుండా."

"ఆ ప్రోగ్రాములో ఎవరో వేలు పెట్టుంటారు."

"దాన్ని రాసింది నువ్వు," అన్నారు పేరిందేవి గారు, ఒక రాయి ఏరి పక్కన పెడుతూ. "పన్నెండేళ్ల కిందట, నా పక్కన కూర్చుని. ఎవరూ వేలు పెట్టలేరని నాతో పందెం కూడా కాశావు."

సువర్చల చేట ముందు కూర్చుంది.

పదకొండు కాకముందే ఫోను మోగింది. జుబేదా. సువర్చల కింద పనిచేసే పిల్ల. మనిషి చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది గానీ, ప్రోగ్రాము చదవడం మొదలుపెడితే పక్కన పిడుగు పడ్డా పేజీ తిప్పి గానీ తల తిప్పదు.

సువర్చల చెయ్యి చాచేలోపల పేరిందేవి గారు ఫోను అందుకున్నారు. అలమరలోంచి స్టీలు డబ్బా ఒకటి తీసి, అందులో ఉన్న సున్నుండల మధ్య ఫోను పడుకోబెట్టి మూత వేశారు. మూతకి రెండు కొక్కేలు. ఒక్కోదానికి ఒక్కో తాళం. టక్, టక్.

"గురువుగారూ, తాళం తీయండి."

"నా దగ్గర ఒక చెవే ఉంది. రెండోది ఎదురింటి సలోమి దగ్గర. ఆవిడ చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్లింది. నాలుగింటికి గానీ రాదు."

సలోమి గారు ఒకప్పుడు అదే బ్యాంకులో హెడ్ క్యాషియరు. స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలుంటే ఒక చెవి ఆవిడ దగ్గర, ఒక చెవి పేరిందేవి గారి దగ్గర ఉండేవి. ఇరవై రెండేళ్లు ఒకరు లేకుండా రెండోవారు ఆ తలుపు తెరిచింది లేదు. రిటైరయ్యాక ఇద్దరికీ షుగరొచ్చింది. అప్పట్నుంచీ సున్నుండలకీ అదే కట్టుబాటు.

డబ్బా లోపల ఫోను మళ్లీ మోగింది. సున్నుండల మధ్యనుంచి వచ్చే ఆ మోత, బావిలో పడ్డ మనిషి పిలుస్తున్నట్టుంది. ఆగింది. మోగింది. ఆగింది. మోగింది.

పన్నెండున్నర అయ్యేసరికి సువర్చల ఏరిన పప్పులో పప్పుకన్నా రాళ్లే ఎక్కువున్నాయి.

"దేనికి పిలుస్తున్నారో తెలుసా నీకు?"

"తెలుసు. పాత వడ్డీ ప్రోగ్రాము. దాన్ని నిద్ర లేపడానికి పదిహేడు మెట్లున్నాయి. వరస తప్పితే లేవదు. ఆ వరస నాకు తప్ప ఎవరికీ తెలీదు."

"ఎక్కడా రాయలేదా?"

"లేదు."

"మర్చిపోయావా?"

డబ్బా ఇంకోసారి మోగి ఆగింది.

"మర్చిపోలేదు," అంది. "మీటింగుల్లో నన్ను గోడవారగా నిలబెట్టేవాళ్లు, గురువుగారూ. మగపిల్లలకి కుర్చీలు, నాకు టీ కప్పుల ట్రే. ఆ వరస నాకొక్కదానికే తెలుసని తెలిసిన రోజున నాకూ కుర్చీ వేశారు. ఆ పదిహేడు మెట్లూ ఎక్కే వచ్చాను నేనింతదూరం. ఇవాళ మెషీన్లు కూలాయంటే నా పేరు పోతుంది. నేను లేకుండా లేచి నిలబడ్డాయంటే నా అవసరం పోతుంది. ఎటుచూసినా పోయేది నేనే."

పేరిందేవి గారు చేట పక్కకి జరిపారు. లేచి ఇద్దరికీ పెరుగన్నం కలిపారు. ఒకరు తిన్నారు, ఒకరు చూశారు.

రెండయింది. ఆవిడ చెప్పులేసుకుని తన ఫోను పట్టుకున్నారు. "రా, జామకాయలు కొనుక్కొద్దాం."

వీధి మొదట్లో నాంచారమ్మ బండి. జామకాయల మధ్య, డబ్బులు పడితే పైకి చెప్పే చిన్న పెట్టె. దాని మీద వాళ్ల బ్యాంకు గుర్తే.

"మామ్మగారూ, మీ బ్యాంకుకి నోరు పడిపోయిందేంటి పొద్దుట్నుంచి?" అంది నాంచారమ్మ. "రెండింటికి లేస్తదన్నారు. ఈ పెట్టె కన్నా నా మొగుడు నయం. తాగినా మాట్టాడతాడు."

సువర్చల నేల చూసింది. పేరిందేవి గారు నాలుగు కాయలు తూకం వేయించి, ఫోనులో డబ్బులు నొక్కారు. పెట్టె పలకలేదు. కాయలు అక్కడే పెట్టి వెనక్కొచ్చారు.

ఇంట్లో డబ్బా మోగుతూనే ఉంది. రెండుంబావుకి మళ్లీ వెళ్లారు. మళ్లీ పలకలేదు. "కాయలు మాగిపోతన్నాయి మీరు కొనేలోపల," అంది నాంచారమ్మ.

తిరిగొచ్చేసరికి డబ్బా మోగడం ఆగిపోయింది.

సువర్చల దాని ముందు కూర్చుంది. ఐదు నిమిషాలు. పది. మోగినంతసేపూ ఆ మోత భరించలేననుకుంది గానీ, ఈ నిశ్శబ్దం ముందు అదెంత? నాలుగువందల శాఖలు ఆ స్టీలు మూతకింద ఊపిరి బిగబట్టి ఉన్నట్టనిపించింది. చెవి ఆనించి వింది. ఏమీ లేదు.

"పిలవడం మానేశారు," అంది.

"రా," అన్నారు పేరిందేవి గారు.

మూడోసారి అవే నాలుగు కాయలు. ఆవిడ నొక్కారు. ఒక రిక్షా వెళ్లింది. ఒక కాకి అరిచి ఊరుకుంది. నాంచారమ్మ పెట్టెకేసి చూసి పెదవి విరిచింది.

అప్పుడు పెట్టె పలికింది.

నలభై రూపాయలు అందాయని, తడబడకుండా, అచ్చమైన తెలుగులో చెప్పింది. ఆ వెంటనే వీధి చివర టీ కొట్టులో ఇంకో పెట్టె పలికింది. దాని తరవాత మందుల షాపులోది. మలుపు దగ్గర పూలమ్మే ఆవిడది. ఒక పెట్టె అందుకుంటే ఇంకోటి, ఆ వీధి దాటి పక్క వీధికి, అక్కణ్ణించి కాలవ అవతలికి, కృష్ణ మీదుగా గుంటూరు దాకా పలుకుతూ పోయినట్టే వినిపించింది సువర్చలకి. ఎవరూ కనపడలేదు. ఎవరి చెయ్యీ కనపడలేదు. ఆమె అరచేతులు తెలియకుండానే దగ్గరకొచ్చాయి.

"ఎవరికమ్మా దణ్ణం?" అంది నాంచారమ్మ. "జాంకాయలకా?"

నాలుగింటికి సలోమి గారు వచ్చారు, పాట ఇంకా నోట్లోనే నడుస్తుండగా. డబ్బా చూశారు, సువర్చల ముఖం చూశారు. "ఏం వదినా, ఈసారి ఎవరిని పెట్టావు లోపల?"

రెండు చెవులూ రెండు తాళాల్లో ఒకేసారి తిరిగాయి.

ఫోను నిండా సున్నుండల పొడి. అరవై ఒక్క మిస్‌డ్ కాల్స్. చివరగా జుబేదా నుంచి ఒక మెసేజీ. సువర్చల పైకే చదివింది.

"అక్కా, మీరు సెలవని తెలిసీ పిలిచాం, ఏమనుకోకండి. ఇక పిలవం. ప్రోగ్రాము మొదట్నుంచీ చదివాం. వరస దొరికింది, రాసి అందరికీ పంపాం. ఒక్కటి మాత్రం అడగాలి. పదకొండో మెట్టు ఎందుకో తెలీలేదు. అది తీసేసినా నడుస్తోంది. తీసేశాం. భోంచేశారా?"

సువర్చల ఆ చివరి ముక్క మళ్లీ చదువుకుంది. పదకొండో మెట్టు. పన్నెండేళ్లు, ఏ పండగా వదలకుండా, ఒక్కసారి కూడా ఎందుకని అడక్కుండా ఎక్కిన మెట్టు. ఆమెకి నవ్వొచ్చింది. దాని వెనకే ఇంకేదో కూడా వచ్చింది. రెండూ ముఖం మీదే ఉండిపోయాయి.

"ఇక అక్కడ నాకేం పని, గురువుగారూ?"

పేరిందేవి గారు ఒక సున్నుండ తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ఇన్నాళ్లూ కాపలా కాశావు. ఇప్పుడు ఖాళీ అయ్యావు. వెళ్లి పని చెయ్యి."

మిగిలిన తొమ్మిది రోజులూ సువర్చల ఫోను ఆ డబ్బాలోనే ఉంది. పెట్టింది ఆమే.

పదకొండో రోజు బోర్డు గది. బల్ల ఎంత పొడుగంటే ఈ చివర దగ్గితే ఆ చివరకి మధ్యాహ్నానికి వినపడుతుంది. ఆ చివర్నించి ఒక పెద్దాయన కళ్లజోడు సవరించుకుని అడిగాడు.

"ఈ బ్యాంకు గురించి మీకొక్కరికే తెలిసిందేమిటమ్మా?"

సువర్చల కుర్చీలో వెనక్కి ఆనుకుంది. "ఏమీ లేదండి."

ఆమె ఆ మాట అన్న తీరుకి, గోడ మీద ఫ్రేముల్లో అరవై ఏళ్లుగా కూర్చుని ఉన్న పాత ఛైర్మన్లందరూ లేచి నిలబడ్డారట.