చిల్లు చూపిన దివాను

వెనకటికి ఒక దివాను తన ఏలుబడిలో ఏ ఇల్లూ కారదని, కారుతోందన్నవాడికి కొరడా దెబ్బలని దండోరా వేయించాడు.

గంపలల్లే పైడయ్యకు అది చావుకొచ్చింది. ఇంట్లో పురిటి బిడ్డ, పైన చిల్లులు పడ్డ తాటాకు కప్పు. కప్పు తనే బాగుచేసుకోగలడు గానీ, పైనుంచి చిల్లు కనపడదు. లోపల ఒకరు నిలబడి, చుక్క పడేచోట కర్రతో పైకి పొడిచి "ఇక్కడ" అని కేకెయ్యాలి. బాలింత మంచం దిగలేదు. ఇరుగుపొరుగు కొరడాకు జడిసి రాలేదు.

ముసురు పట్టిన రోజు దివాను పల్లకీ అటుగా వచ్చింది. పైడయ్య ఎదురెళ్లి దండం పెట్టాడు.

"దొరా, మా ఇల్లు కారదని తమరే లోపల కూర్చుని జనానికి చూపించాలి."

దివాను దర్జాగా పీట మీద కూర్చున్నాడు. తలపాగా మీద టప్పున చుక్క పడింది. పీట జరుపుకున్నాడు. అక్కడా పడింది. గుమ్మం నిండా జనం.

"జరుగుతున్నారేం దొరా? కారుతోందా?" అన్నాడు పైడయ్య వినయంగా.

అవునంటే కొరడా తనకే. "అబ్బే, లేదు" అన్నాడు దివాను కండువా పిండుకుంటూ.

"అయితే తమరు కూర్చోండి. నేను పైన కాస్త ఆకు సర్దుకుంటాను" అని పైడయ్య కప్పెక్కాడు.

ఇంతలో చల్లటి చుక్క మెడలోంచి వీపు మీదికి జారింది. దివాను తాళలేక చేతికర్రతో కప్పును పొడిచి, "ఒరేయ్, ఇక్కడ! ఇదిగో, ఇక్కడా!" అని అరిచాడు. పొడిచిన చోటల్లా పైడయ్య ఆకు దోపి కట్టేశాడు.

చుక్క ఆగింది. పైడయ్య దిగి వచ్చి, నిద్రపోతున్న బిడ్డను చూసుకుని, నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

"మీ మేలు మరవను దొరా. మా వీధివాళ్లంతా కూడా తమరి కోసం పీటలు వేసి ఉంచారు."