తోడుగౌరి నోము

పూర్వమొకప్పుడు సుతపుడను ముని ధర్మవ్రత మహర్షికి మ్రొక్కి, పతి క్షేమమునకు నోములు పెక్కు గలవు గదా, ఆ పతిచేతనే దెబ్బలు తిను ఇల్లాలిని కాచు నోమేదైనను గలదా యని యడిగెను. మహర్షి కన్నులు తుడుచుకొని యిట్లు చెప్పెను.

గోస్తనీ తీరమున ఒక పురములో కామాంబ యను ఇల్లాలుండెను. పాడికి పంటకు లోటు లేదు. ఆమె మడి కట్టినచో కాకి సైతము పెరటిలో వాలుటకు జంకెడిది. పొరుగింటికి సునంద యను చిన్నది కాపురమునకు వచ్చెను. ఆమె మగడు సోమయ్య నలుగురిలో వెన్నవంటివాడు, తలుపు మూసినంతనే వేరొకడు. చెంప కమిలిన నాడు సునంద గడప తగిలినదనెను. చేయి వాచిన నాడు నూతికడ జారితిననెను. గోడలకు చెవులుండునందురు. ఆ ఊర గోడలకే యుండెను, మనుష్యులకు లేకపోయెను. కామాంబయు ఏడ్పు వినుచునే, ఆలుమగల నడుమ మనకేలయని జపము చేసికొనెడిది.

ఒకనాడు దీపములు పెట్టిన పిదప సునంద గిన్నె పట్టుకొని వచ్చెను.

"పిన్నీ, కాస్త తోడు ఇస్తావా?"

"దీపాలు పెట్టాక పెరుగు బయటికి ఇవ్వకూడదే అమ్మాయీ, లక్ష్మి వెళ్ళిపోతుంది. పొద్దున్నే రా."

ఆ పిల్ల గుమ్మమున కొంతసేపు నిలిచి, వెనుదిరిగి పోయెను. తెల్లవారుసరికి ఆమె ప్రాణములతో లేదు. జ్వరమని సోమయ్య చెప్పెను. శవమునకు స్నానము చేయించిన స్త్రీలు చూడవలసినది చూచియు, నోరు మెదపక ఇండ్లకు బోయిరి.

నాటినుండి కామాంబ ఇంట పాలు తోడుకొనుట మానెను. ఆవులు వట్టిపోయెను, పైరెండెను. ఆమె లక్షకుంకుమార్చన చేయించినను గౌరి పలుకలేదు. తుదకు దేవి ముదుసలి రూపమున వచ్చి ఆమె అరుగుపై కూర్చుండెను.

"ఆ ఇంట్లో పాడి ఉందటే? పాలచుక్క లేని పిల్ల తోడెందుకు అడిగిందో ఆలోచించావా? అది పెరుగుకు రాలేదే, మనిషికోసం వచ్చింది."

కామాంబ నేలబడి గుండెలు బాదుకొనెను. అయ్యో, ఒక్క అడుగు లోనికి రానిచ్చిన బ్రదికెడిది గదా! పోయినది రాదనియు, ఇకమీద తోడడిగినదానికి వేళ చూడవలదనియు, పడితినన్నదానిని పడద్రోసినదెవరని యడుగుమనియు, చెప్పినది నమ్మి, చోటిచ్చి, పుట్టింటికి కబురంపి, సభలో ప్రక్కన నిలువుమనియు దేవి యానతిచ్చి, అంతర్ధానమయ్యెను.

ఏడాది తిరుగకముందే సోమయ్య మరల పెండ్లాడెను. గోడ ఆవలినుండి మరల ఏడ్పు వినవచ్చెను. ఈసారి కామాంబ మడిబట్టతోనే పరుగిడి, వీథిలోని ఆడవారినందరిని పిలిచి, తలుపు తట్టెను. నా పెండ్లము, నా యిల్లని సోమయ్య కేకలు వేయ, ఆ ఆడవారెవ్వరును గడప విడిచి కదలరైరి. కామాంబ ఆ పిల్లను తన యింట దాచి, పుట్టింటివారిని రప్పించి, సభలో సునంద సంగతియు, తానామెను త్రిప్పి పంపిన సంగతియు దాచక చెప్పెను. స్నానము చేయించిన స్త్రీలును ఏడ్చుచు సాక్ష్యమిచ్చిరి. రాజు వానిని చెరలో వేయించెను. కామాంబ ఇంట పాడి తిరిగి వచ్చెను, సిరి వచ్చెను. సునంద మాత్రము రాలేదు.

ఈ నోము అత్తలు, తల్లులు, తోడికోడండ్రు, పొరుగువారు, మగవారు తప్పక నోయవలెను. దీనికి తిథి లేదు, ఉద్యాపన లేదు. నోచినవారి ఇంట పాలు పొంగును, ఆడపిల్లలు బ్రదుకుదురు. దెబ్బలు తిను తల్లి మాత్రము దీనిని నోయనక్కరలేదు, ఆమెయందు ఏ లోపమును లేదు. అక్షతలు శిరసున వేసికొనుటకు ముందు, పొరుగింటివైపు ఒకసారి చెవి యొగ్గుడు.