కడగని ద్రాక్షల పందిరమ్మ

గుత్తులకొండలో బస్సు దిగిన భక్తులు ముందుగా గోపురం కోసం చూస్తారు. గోపురం లేదు. కొండవాలున ఒక కుటుంబం వారి ద్రాక్షతోట ఉన్నది. ఆ తోట నడుమ, పందిరి నీడలో, మోకాలెత్తు నల్లరాతి రూపంలో శ్రీ పందిరమ్మ వెలసి ఉన్నది. కాపు కాలంలో గుత్తులు తలకు తగులుతాయి గనుక పొడవైనవారు కాస్త వంగి నడవడం మంచిది.

పూర్వం ఇక్కడ తోటవారు ద్రాక్షరసం పులియబెట్టి ఆసవం చేసి, ఏటా తొలి కడవను అమ్మవారి ముందు నేల మీద ధారగా వదిలి సాక పోసేవారు. ఒక పెద్ద కరువులో తోట ఎండిపోయింది. ఆసవం చేసే పద్ధతి తెలిసినవారు వలసపోయి తిరిగి రాలేదు. ఆ తరువాత వానలు పడ్డాయి గాని, సాక పడలేదు. తరాలపాటు అమ్మవారు పానకంతోనే సరిపెట్టుకొన్నది.

ఆ ఇంటికి కోడలుగా వచ్చిన ఓబుళమ్మకు ఇది మింగుడుపడలేదు. అమ్మవారి వెనుక మిగిలిన ఒకే ఒక్క తీగ నుండి కొమ్మలు తెచ్చి నాటి, కన్నబిడ్డల్లా సాకి, పందిరి నిండా కాపు తెప్పించింది. అయితే ఆసవం మాత్రం కుదరలేదు. అమ్మవారి సొత్తు గదా అని ఆమె తలస్నానం చేసి, తడిబట్టతో, ప్రతి పండునూ పసుపునీళ్లలో తోమి తోమి కడిగి పిండేది. ఆ రసం కడవలో ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండి, చివరకు బూజు పట్టేది. ఏటా ఇదే వరస. మామ తిప్పారెడ్డి విసిగిపోయి, "ఈ కాపుతో సరి. ఈసారీ పొంగకుంటే తీగలన్నీ పెరికి కొర్ర ఏస్తా" అన్నాడు. ఆయన అన్నాడంటే చేస్తాడు. ఓబుళమ్మకు అన్నం సహించలేదు.

కాయ కోయడానికి ముందు ఒక మధ్యాహ్నం పందిరి కింద ఆమెకు కునుకు పట్టింది. కలలో దుమ్ముకొట్టుకొన్న పాదాలతో ఒక ముత్తైదువ కనబడి, "ఏమ్మే, పండు మీది తెల్లపొడి నేను పూసిందే గదా! అదంతా కడిగి పారబోసి, నాకేమి పెడతాండావు?" అని కసిరి మాయమైంది.

మడి తప్పని ఇంట్లో కడగని పండు నైవేద్యానికి వాడడమంటే మహాపచారం. అయినా ఓబుళమ్మ కలనే నమ్మి, గుత్తులను కోసినవి కోసినట్టే నలిపి కడవకెత్తి, మూతికి గుడ్డ కట్టింది. కొన్నాళ్లకు గునపం పట్టుకొని వచ్చిన తిప్పారెడ్డి, కోడలి మొహం చూడలేక, కడవకు ఒకసారి చెవి ఆనించాడు. లోపల రసం బుసబుసమని పొంగుతోంది. "పొయ్యి లేకుండానే ఉడుకుతాంది గదమ్మా!" అన్నాడు. గునపం అక్కడే పారేసి, పూర్వం మగవారే పోసిన సాకను ఆ ఏడు కోడలిచేత పోయించాడు. ఓబుళమ్మ ఏడుస్తూనే పోసింది.

నేటికీ తొలి కడవ సాకను ఆ ఇంటి కోడలే పోస్తుంది. భక్తులకు ఉద్ధరిణెడు ఆసవం ప్రసాదంగా ఇస్తారు. ఇంకొంచెం అడిగేవారూ లేకపోలేదు గాని, దొరకదు. ఎంత శ్రద్ధ పెట్టినా పని కలిసిరానివారు ఇక్కడ ఒక గుత్తి సమర్పించుకొంటే అమ్మ దారి చూపుతుందని నమ్మకం. అలవాటు కొద్దీ పండ్లు కడగడానికి చెంబు కోసం వెతికేవారు ఎప్పుడూ ఉంటారు. ఆ కోడలు వారి చేయి పట్టుకొని ఆపుతుంది.

"కడగొద్దు తల్లీ. ఆయమ్మ పూసింది ఆయమ్మకే ఇయ్యి."