మంగతాయి వాయించని రోజు

మా గురువు అంకయ్య గారు అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే మనిషి కాదు. సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, అడిగినవాడి మొహం కాసేపు చూసి, ఎప్పటిదో ఒక సంగతి ఎత్తుకుంటారు. ఈ చుట్టుపక్కల సన్నాయి నేర్పేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, ఇలా నేర్పేవాళ్ళు లేరని నేను ఎవరితోనైనా వాదిస్తాను. నీ గురువు కాబట్టి అంటున్నావంటారా, అనండి.

మొన్న ముసురు పట్టిన రోజుల్లో ఈ మధ్యే చేరిన బసవేశు అనే శిష్యుడు ఒళ్ళు కాలిపోతుంటే, దగ్గుకుంటూ పాఠానికి వచ్చాడు. గురువు గారు వాణ్ణి సన్నాయి ముట్టుకోవద్దన్నారు. వాడికి రోషం పొడుచుకొచ్చింది.

“ఈమాత్రం జ్వరానికే వాద్యం దించేస్తే ఇక మన విద్యకు దమ్మెక్కడిది గురువు గారూ? మీరు ఏటా ఆసుపత్రికి పోయి ఆ ఫ్లూ సూది వేయించుకోవడం కూడా నాకు అర్థం కాదు,” అన్నాడు.

“ముందు ఆ కిటికీ దగ్గరికి జరిగి మూతికి తువ్వాలు కట్టుకో. చెబుతాను,” అన్నారాయన. వాడు కట్టుకున్నాక, తన దగ్గర నేర్చుకున్న మంగతాయి సంగతి మొదలుపెట్టారు. అది జరిగిన రోజు నేనూ అక్కడే ఉన్నాను గనక, ఆయన తన గురించి చెప్పకుండా దాటేసిన చోట్లు నేను కలుపుతాను.

మాలో ఒక పద్ధతి ఉండేది. శిష్యుడు మొదటిసారి గుడి ముందు వాయించే రోజున, సన్నాయి కొసన పెట్టే రెల్లు పీకను నోట్లో నానబెట్టి గురువు చేతికిస్తాడు. గురువు దాన్ని తన పెదాల మధ్య పెట్టుకుని, ఒక్క స్వరం పలికించి తిరిగి ఇస్తాడు. ఎంగిలి అన్న మాట మాకెవరికీ తట్టేది కాదు. అది మాకు ఆశీర్వాదం.

ఆరేళ్ళ కిందట మాఘమాసం తిరునాళ్ళలో ఆ రోజు మంగతాయికి వచ్చింది. పదకొండేళ్ళు నేర్చుకుంది. మా మేళంలో ఒక ఆడపిల్ల గుడి ముందు కూర్చోవడం అదే మొదలు. గురువు గారు గుడి కమిటీవాళ్ళతో నాలుగు నెలలు పోట్లాడి ఒప్పించారు. తెనాలి నుంచి ఆమె చుట్టాలంతా ముందురోజే దిగారు.

తెల్లవారి ఆమె గురువు గారి గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“గురువు గారూ, నిన్నటి నుంచి జ్వరం. ఒళ్ళంతా విరగ్గొట్టినట్టుంది. డాక్టరమ్మ ఫ్లూ అన్నది. నా పీక మీరు నోట పెట్టుకోకూడదు. నేను మీ పక్కన కూర్చోకూడదు.”

అప్పటికే ఆయనకు డెబ్బై రెండేళ్ళు, పైగా ఉబ్బసం. కానీ మాలో పెద్దవాడైన తిరపతయ్య ఊరుకోలేదు.

“ఒక బిళ్ళ వేసుకో అమ్మాయ్, గంటలో దిగిపోతుంది. నువ్వు చెప్పకపోతే బయట ఎవరికి తెలుస్తుంది?”

“బిళ్ళకు జ్వరం దిగుతుంది బాబాయ్. నా ఊపిరిలో ఉన్నది పోదంట. ఇంకో నాలుగైదు రోజులు పక్కవాళ్ళకు అంటుతూనే ఉంటుందంట.”

“ఇవాళ రాకపోతే ఆ కమిటీవాళ్ళు నిన్ను మళ్ళీ గడప తొక్కనిస్తారా?”

“తొక్కనివ్వరు,” అని ఏడుస్తూ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ పూట గురువు గారు తన పక్కన ఆమె చాప పరిపించి, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. కమిటీ పెద్ద ఒకాయన వచ్చి, “ఏమయ్యా, మీ అమ్మాయి జడుసుకుందా?” అని నవ్వాడు. గురువు గారు లేచి నిలబడి, నలుగురికీ వినబడేలా అన్నారు: “నా ప్రాణం కోసం తన రోజు వదులుకుంది. ఇలాంటి శిష్యురాలు ఇంకొకతె ఎక్కడైనా ఉంటే తీసుకురండి, ఈ చాప మీద కూర్చోబెడతాను.” ఆపైన బిలహరి రాగం ఎత్తుకున్నారు. అంత గర్వంగా ఆయన వాయించడం నేను మళ్ళీ వినలేదు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మంగతాయి వారం రోజులు పడుకుని లేచింది. ఆమె ఇంట్లో దిగిన మేనత్తకు మాత్రం అదే జ్వరం అంటుకుంది. షుగర్ ఉన్న మనిషి, ఆయాసం ముదిరి తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఒంట్లో ఇలాంటి రోగాలున్నవాళ్ళను రెండు రోజుల్లోపే తీసుకురావాలి, దీనికి వేరే మందుంది, అని డాక్టరమ్మ కోప్పడింది. ఆ సంగతి విన్నాక గురువు గారు పీకలను నోట్లో కాకుండా గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టమన్నారు. ఆ వైరస్ ఏటా వేషం మారుస్తుందని డాక్టరమ్మ చెబితే, సూదికి మమ్మల్ని కూడా ఏటా వెంటబెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టారు.

బసవేశు తువ్వాలు సర్దుకుని అడిగాడు. “మరి ఆ గుడివాళ్ళు ఆమెను మళ్ళీ పిలిచారా?”

“పిలవలేదు. మూడేళ్ళు ఆగి వేరే ఊళ్ళో మొదలుపెట్టింది.”

“అయితే ఆమె నష్టపోయినట్టే గదా, గురువు గారూ?”

“నష్టపోయింది,” అన్నారాయన. “నేను ఇంకా వాయిస్తున్నాను.”